మెత్తగా పోయే బండి

తెల్లవారితే గుమ్మఘట్టలో వేణుగోపాల్ ఇంటి ముందు రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. ఒకటి నూనె డబ్బాలు పికప్ బండిలోకి ఎక్కే చప్పుడు. రెండోది వాళ్ళమ్మ లలితమ్మకూ, భార్య లక్ష్మీప్రసన్నకూ జరిగే వాదన. ఆ రోజు డబ్బాల కంటే ముందు వాదనే మొదలైంది.

"నడుముకు బెల్టు కట్టుకోని అంగడికి పోయేదేంది అత్తా? డాక్టరు ఏం చెప్పినాడు? వెన్నుపూస నలిగిపోయింది, ఇంగొక్క కుదుపు గట్టిగా తగిలితే కాళ్ళు పడిపోతాయి అన్నాడా లేదా?" అంటూనే ప్రసన్న వేడినీళ్ళ సంచి తెచ్చి అత్త నడుముకు ఆనించింది. ఆ ఇంట్లో తిట్టేదీ ఆమే, కాపడం పెట్టేదీ ఆమే.

"కుదుపు వద్దన్నాడు. అంగడికి వద్దనలేదు."

"ఆ బండిలో కుదుపు లేకుండా పోయేదెట్ల? దానికంటే ఎద్దులబండే నయం. నిన్న సాయంత్రం నువ్వు దిగినప్పుడు నీ మొగంలో నెత్తురు చుక్క లేదు. నేను చూడలేదనుకుంటివా?"

లలితమ్మ కొప్పు ముడేసుకుంది. ఇంటి వెనక వాళ్ళదే గానుగ మిల్లు. ఆడిన శెనక్కాయ నూనె రోజూ రాయదుర్గంలోని అంగడికి పోతుంది. పెళ్ళై వచ్చిన కొత్తలోనే ఆ అంగట్లో గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి, భర్త బదరీనారాయణ పోయి మూడేళ్ళైనా ఆ పీట వదల్లేదు. పోయిన నెల వాకిట్లో జారి పడేదాకా ఆమెకు నడుమనేది ఒకటుందని ఎవరికీ తెలీదు.

"నన్ను ఇంట్లో కూచోబెట్టినారంటే బతికుండంగానే పాడె కట్టినట్టే" అంది చివరికి. "ఆడ నలుగురు వస్తారు, పలకరిస్తారు. ఈడ గోడలు చూసుకుంటా ఎంతసేపని కూచునేది?"

డబ్బాలు ఎక్కించి లోపలికొచ్చిన వేణుగోపాల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. వాళ్ళమ్మ అట్లా బతిమాలినట్టు మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

"నాలుగు దినాలు ఓపిక పట్టమ్మా. కొత్త బండి నా వల్ల కాదు గానీ, బండి కింద కమాన్లు మార్పిస్తా. నీ నడుముకు తెలీకుండా పోయేటట్టు చేస్తా" అన్నాడు.

"అత్త కోసం బండినే వంచుతారంట! వంచండి, వంచండి" అని ప్రసన్న వంటింట్లోకి పోయింది.

*

రాయదుర్గంలో బస్టాండు వెనక అజ్మతుల్లా షెడ్డు. మాటలు తక్కువ వాడు కాదు అజ్మతుల్లా. బండి కింద దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ పురాణం విప్పాడు.

"శెట్టీ, ఈ ఉక్కు పట్టీలు ఒగదాని మీద ఒగటి పేర్చి కట్టిందే కమాన్ కట్ట. కంపెనీవాడు ఇచ్చింది చాలదని నువ్వు డబ్బాల కోసం ఇంగో రెండు పట్టీలు ఎక్కిచ్చినావు. బరువుంటే వంగుతాయి. సాయంత్రం ఖాళీగా వచ్చేటప్పుడు అవి వంగవు గదా, గుంత దెబ్బంతా పోయి అమ్మ నడుముకే తగుల్తాది."

"ఆ రెండూ పీకేస్తే?"

"పీకొచ్చు. పాత ఉక్కప్పా, అలిసిపోయింది. గుంతలో పడితే అడుగు కొట్టుకుంటాది. బెంగళూరులో ఎయిర్ బెలూన్లు బిగిస్తారు. బాగానే ఉంటాయి గానీ మన దుమ్ముకూ ఎండకూ రబ్బరు నిలవదు. షాక్ అబ్జార్బర్లు ఒగటే మారిస్తే ఊగుడు తగ్గుతాది, దెబ్బ తగ్గదు. మెత్తటి కట్ట ఏసుకుంటేనే సుఖం. కానీ ఒగ మాట. డబ్బాలు సగమే ఎత్తల్ల. అమ్మ సుఖమూ, నిండు బరువూ ఒగ బండిలో కుదరవు."

వేణుగోపాల్ కొంచెంసేపు బండి వైపు చూశాడు. "రెండు ట్రిప్పులు ఏసుకుంటా" అన్నాడు. "మెత్తటిదే చూడు."

మెత్తటిది బుడేన్ సాబ్ పాత సామాన్ల అంగట్లో దొరికింది. తుక్కు కుప్ప మధ్యలో, గోనెపట్టా కింద, అచ్చం ఇదే కంపెనీ వ్యానుకు బిగించిన కట్ట. షాక్ అబ్జార్బర్లతో సహా ఉంది. ఉక్కు అంచున అక్కడక్కడా తెల్ల రంగు. అజ్మతుల్లా దాన్ని కాలితో తొక్కి చూసి "వారెవ్వా" అన్నాడు.

"యాడిది సాబ్?" అని అడిగాడు వేణుగోపాల్.

"వ్యానుది శెట్టీ. మనుషుల్ని తప్ప మూటల్ని మోయలేదు. అందుకే ఇంత పదునుగా ఉండాది. తీస్కపో."

శెనక్కాయ మూట విప్పితే ఏ ఊరిదో, ఏ చేనుదో, ఏ వాన తర్వాత పీకిందో ఆరా తీసే శెట్టి, ఆ వ్యాను ఏ మనుషుల్ని మోసిందని మాత్రం అడగలేదు. నూనెకు అడిగేవన్నీ ఇనుముకు అడగాలని ఎవరికి తోస్తుంది!

బిగించాక అతను తన పద్ధతిలోనే పరీక్ష పెట్టాడు. అంచుదాకా నూనె పోసిన ఇత్తడి గిన్నె సీటు మధ్యలో పెట్టుకుని ఊరు చుట్టి వచ్చాడు. ఒక్క చుక్క ఒలకలేదు. ఓపిక పట్టమన్నా వినకుండా అంగడికి వచ్చిన లలితమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చి ఎడమ కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. "చూడమ్మా, పల్లకీ" అని నవ్వాడు.

ఆమె ఎక్కి కూర్చోగానే బండి ఓ పక్కకు మెల్లగా దిగి, మళ్ళీ మెల్లగా లేచింది. కింద కట్ట "హూ" అని చిన్న చప్పుడు చేసింది, మనిషి నిట్టూర్చినట్టే. లలితమ్మ నవ్వు అక్కడే నిలిచిపోయింది. ఏదో వినబడినట్టు తల కాస్త పక్కకు వంచింది.

"ఏమమ్మా, నొప్పా?"

"లేదు" అంది. "నొప్పి లేదు. పోనీ."

*

ఊరు దాటితే ఆ దారిలో చెట్టూ లేదు, చేనూ లేదు. తలకాయలూపినట్టు తిరిగే గాలిమరలు, వాటి నీడలు రోడ్డు మీద పడి పోతూంటాయి. వాన మొహం చూడని నేల పొద్దు వాలే వేళకు ఇటుక రంగుకు తిరుగుతుంది. సగం దారిలో ఎండిపోయిన కాలువ, దాని మీద పిట్టగోడలు విరిగిన చిన్న బ్రిడ్జి.

ఆ బ్రిడ్జి కనబడుతుండగానే లలితమ్మ "నిదానం" అంది. గట్టిగా కూడా అనలేదు. బండి అప్పటికే నెమ్మదించింది. తను బ్రేకు మీద కాలు పెట్టాడో లేదో వేణుగోపాల్‌కు తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు.

పక్కకు చూశాడు. గిన్నెలో నూనె ఒలకడం లేదు. కానీ పైకి ఉబ్బుతోంది, కిందికి అణుగుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది. నిద్రపోయే మనిషి రొమ్ము ఎట్లా లేచి పడుతుందో అట్లా. గిన్నె పక్కన వాళ్ళమ్మ చెయ్యి, అరచెయ్యి పైకి తిప్పి ఉంది. వేళ్ళు కొంచెం ముడుచుకుని ఉన్నాయి, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు.

అతని ఒళ్ళు జలదరించింది. అంత ఉక్కలో!

ఇంటి ముందు ఇంజను ఆపాక కూడా బండి ఊగుతూనే ఉంది. "దిగమ్మా" అన్నాడు.

"ఆగు. నిలవనీ" అందామె. ఊగడం పూర్తిగా నిలిచేదాకా దిగలేదు.

ఆ తర్వాత వారం రోజులూ లలితమ్మ నడుము గురించి ఒక్క మాట ఎత్తలేదు. మొహం తేటపడింది. తిండి పెరిగింది. కానీ పొద్దున పోయేటప్పుడు మామూలుగానే పోయే మనిషి, సాయంత్రం తిరిగొచ్చే వేళకు మాత్రం మొహం కడుక్కుని, ఉతికిన తువ్వాలు ఒకటి మడిచి మధ్య సీటు మీద పరిచేది. గుమాస్తా "ఎవరికమ్మా?" అంటే "దుమ్ము పడకుండా లేప్పా" అనేది.

శనివారం కాలేజీ నుంచి వస్తూ వేణుగోపాల్ కూతురు నిఖిత ఆ బండి ఎక్కింది. తువ్వాలు పక్కకు నెట్టి మధ్యలో కూర్చోబోయింది.

"ఆడ కూచోవద్దు!" అని అవ్వ అరిచిన అరుపుకు పిల్ల బెదిరిపోయింది. ఆ గొంతు ఎన్నడూ విననిది. చివరికి వెనక ఖాళీ డబ్బాల మధ్య కూర్చుని వచ్చింది. ఇంటికి రాగానే నేరుగా వంటింట్లోకి పోయి తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, అవ్వ ఎవరితోనో మాట్లాడతాందమ్మా. క్యాబిన్ వెనక అద్దం సందులోంచి ఇన్యా."

"ఎవరితో? మీ నాయనతో మాట్లాడింటుంది."

"కాదు. నాయన రోడ్డే చూస్తాండాడు. అవ్వ మధ్య సీటుకు తిరిగి, ‘వచ్చేసినాం, ఇంగ కొంచెమే’ అనింది. రెండు మూడుసార్లు అనింది."

ప్రసన్న చేతిలోని గరిటె అట్లే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే బండికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది, టైర్ల కింద కూడా నిమ్మకాయలు పెట్టించి తొక్కించింది. వేణుగోపాల్ నవ్వబోయి, గిన్నెలో ఉబ్బిన నూనె గుర్తొచ్చి నవ్వలేకపోయాడు.

*

ఆదివారం మిల్లు దగ్గరికి రంగన్న వచ్చాడు, నూనె తీసిన శెనక్కాయ చెక్క కోసం. ఒకప్పుడు బళ్ళారి దారిలో ప్రైవేటు అంబులెన్సు నడిపినవాడు. ఇప్పుడు నాలుగు బర్రెలు పెట్టుకుని పాలు పోసుకుంటున్నాడు. చెక్క బస్తా బండిలో వేసి ఇంటిదాకా దింపమని వేణుగోపాల్ పనివాడికి చెప్పాడు. బస్తా పడగానే బండి దిగి, "హూ" అని లేచింది.

రంగన్న గడ్డం గీక్కుంటున్న చెయ్యి ఆగిపోయింది. వంగి బండి కిందికి చూశాడు.

"అన్నా, ఈ కట్ట యాడ తెచ్చినావు?"

"బుడేన్ సాబ్ దగ్గర. యాల, ఏమైంది?"

"ఇది నా బండిది గదన్నా! తెల్ల రంగు నేను పూసిందే. ఈ ఊగుడు నాకు తెలీదా? పేషెంటుకు నొప్పి కాకూడదని మా ఓనరు బెంగళూరులో చెప్పి చేపిచ్చిన కట్ట. బండి తుక్కుకు పోయింది, ఇది ఈడ తేలిందా..." అంటూ తలెత్తేసరికి వాకిట్లో లలితమ్మ నిలబడి ఉంది. అతనికేసే చూస్తోంది. రంగన్న చటుక్కున మాట మింగేశాడు. బస్తా సంగతి మర్చిపోయి, వస్తానన్నా అని పోయాడు.

మింగినవి పోగా, పలికిన మాటలే ప్రసన్నకు సరిపోయాయి.

"అంబులెన్సుదా! ఎంతమంది పానాలు పోయినాయో దాని మీద! ఎన్ని శవాలను మోసిందో! అది తెచ్చి ఇంటి ముందు పెట్టుకుంటిమి గదా, తల్లీ!" వాకిట్లోనే తల పట్టుకుంది. "అందుకే ఈమె ఎవరితోనో మాట్లాడతాండాది. ఏదో పట్టుకున్యాది ఈమెను. ఏమండీ, రేపు పొద్దున్నే పీకిపిస్తారా, నేను నా బిడ్డను తీసుకోని మా పుట్టింటికి పోనా?"

"పీకిస్తాలే, అరవద్దు."

"అరవద్దా? మీకు తెలీదు. కాపడం పెట్టేది నేను. ఆమెకు ఏమన్నా అయిపోతే ఎట్ల అని నా భయం!" అనేసి ఏడ్చింది. అంతసేపూ కోపం అనుకున్నది భయమని అప్పుడు గానీ వేణుగోపాల్‌కు తెలియలేదు.

లలితమ్మ ఇద్దర్నీ చూసి లోపలికి పోయింది.

*

సోమవారం అజ్మతుల్లా షెడ్డు. కొత్తగా తెప్పించిన మామూలు కమాన్ కట్ట పక్కనే పెట్టి ఉంది. ప్రసన్న తన కళ్ళతో చూస్తే గానీ నమ్మనని వెంట వచ్చింది. వేణుగోపాల్ ఎడమ తలుపు తీసి చెయ్యి చాపాడు.

"దిగమ్మా. జాకీ పెట్టల్ల."

"దిగను."

"అమ్మా, అది అంబులెన్సుదమ్మా."

"నాకు తెలుసు."

"తెలుసా? రంగన్న చెప్పకముందేనా?"

"మొదటి దినం ఎక్కినప్పుడే తెలుసు. నువ్వు పల్లకీ అన్నావు చూడు, అప్పుడే." లలితమ్మ మధ్య సీటు మీది తువ్వాలును రెండు చేతులతో పట్టుకుంది. "మీ నాయనను బళ్ళారి ఆస్పత్రి నుంచి తెచ్చింది ఈ కట్ట ఉన్న బండే గదరా. ఇదే ఊగుడు. ఇదే చప్పుడు. మరిచిపోతానా?"

షెడ్డులో సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. అజ్మతుల్లా మెల్లగా బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

"నాయనను తెచ్చిందైతే ఏమి?" అన్నాడు వేణుగోపాల్. "నాయన ఇంటికొచ్చినాక గదా పోయినాడు. మంచం మీద పండబెట్టినాక. నా చేత్తో తులసినీళ్ళు పోస్తే గుటక ఏసినాడు. నువ్వే చెప్తివి గదా, గుటక పడిందని."

మూడేళ్ళుగా అతను గుండెలో దాచుకున్నది ఆ గుటక ఒక్కటే. నలుగురిలో ఎవరైనా తండ్రి మాటెత్తితే అదే చెప్పేవాడు. మా నాయన నా చేతి నీళ్ళు తాగి పోయినాడు అని.

లలితమ్మ కొడుకు వైపు తిరిగింది.

"లేదు వేణూ" అంది. "కాలువ బ్రిడ్జి దగ్గరే పోయినాడు."

ఆమె తువ్వాలు మడత సరిచేసింది.

"మీ నాయన వాళ్ళన్న బళ్ళారిలో పోయినప్పటి సంగతి మీకు తెలీదు. బయట పానం పోయిన మనిషిని గడప దాటించకూడదని వీధిలో పండబెట్టినారు. ఎర్రటి ఎండ. ఈగలు. మీ నాయన పొద్దు గూకేదాకా గొడుగు పట్టుకోని నిలబడినాడు. ఆ రాత్రే నా చేత ఒట్టు ఏపించుకున్యాడు. ‘నన్ను మాత్రం వీధిలో ఎయ్యొద్దు లలితా, నా మంచం మీద పండబెట్టు’ అని." ఆమె కొంగుతో నోరు తుడుచుకుంది. "బ్రిడ్జి మీద నా చేతిలో ఆయన చెయ్యి సడలిపోయింది. రంగన్న అద్దంలో నా మొగం చూసి బండి నిదానం చేసినాడు. నేను వాణ్ణి చూసి, ఆపొద్దని తల అడ్డం ఊపినా. వాడు మారు మాట్లాడకుండా పోనిచ్చినాడు."

"మరి నేను చూసినా గదమ్మా" అన్నాడు వేణుగోపాల్, చిన్నపిల్లాడి గొంతుతో. "ఇంటి ముందు తలుపు తీసినప్పుడు చూసినా. రొమ్ము ఆడతాండింది. నేను చూసినా!"

"బండి ఊగుతాండింది రా. ఇంజను ఆపినా ఊగుతానే ఉంటాది గదా ఇది. దాంతో పాటే ఆయన రొమ్ము కూడా. దారంతా అట్లే. నేను కూడా చూసి చూసి, ఊపిరుండాదేమో, నేనే పొరపాటు పడినానేమో అనుకున్యా. ‘వచ్చేసినాం, ఇంగ కొంచెమే’ అని చెప్తానే ఉన్యా. ఆ ఊగుడు నిలిచేలోపల మంచం మీదికి చేర్పించల్లని నా తొందర."

"అయితే నేను పోసిన నీళ్ళు?"

"పెదాల పక్కన కారిపోయినాయి. నేనే కొంగుతో తుడిచి, గుటక పడిందని చెప్పినా."

వేణుగోపాల్ బండి తలుపు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. గ్రీజు మరకల నేల మీదే. అంత మనిషి భుజాలు అదురుతూ ఏడ్చాడు. "ఆయప్ప పక్కన కూడా లేకపోతిని" అన్నాడు. "రాయదుర్గంలో బండి ఎక్కుదామంటే, రోడ్డంతా తవ్వి పెట్టినారు, గుంతలు తప్పించి దారి చూపిస్తా అని బైకేసుకోని ముందు పోతిని. పోయేటప్పుడు పక్కన లేను, నీళ్ళూ పోయలేదు. ఇంగ నేనేం కొడుకునమ్మా?"

ప్రసన్న అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇంట్లోకి శవాన్ని తెచ్చిందన్న మాట విన్నప్పుడు ఆమె ఏం అంటుందోనని లలితమ్మ కళ్ళెత్తి చూడనే లేదు. అమావాస్య, అష్టమి, వర్జ్యం చూడకుండా గడప దాటని మనిషి ప్రసన్న. ఆమె బండి దగ్గరికి వచ్చి, అత్త మోకాలి మీద చెయ్యి వేసింది.

"బ్రిడ్జి దగ్గర మామ ఏమన్నా చెప్పినాడా అత్తా?"

లలితమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. మూడేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను అడిగినవాళ్ళు లేరు. బ్రిడ్జి సంగతే తెలియనప్పుడు ఎవరడుగుతారు?

"చెప్పినాడు. తల నా ఒడిలో పెట్టుకోని ఉన్యా. డ్రైవరు వెనక చిన్న కిటికీ ఉండాది గదా, దాంట్లోంచి ముందరికి చూసినాడు. ‘ఆ బైకు మీద పోయేది వేణునేనా?’ అనినాడు. అవునంటి. వీడు దుమ్ములో పోతా పోతా, మాటిమాటికీ తిరిగి తిరిగి చూస్తాండాడు, వెనక బండి వస్తాందా లేదా అని. దానికి మీ మామ నవ్వినాడు. నవ్వి, ‘బండి మెత్తగా పోతాందిలే, వెనక్కి చూడొద్దను వాణ్ణి. పడతాడు’ అనినాడు. అంతే. వీడి వీపు చూస్తానే పోయినాడు."

వేణుగోపాల్ తలెత్తాడు.

"ఆ మాట నీకు చెప్పల్లని నాకు రోజూ నోటిదాకా వస్తాది" అంది లలితమ్మ, కొడుకు తల మీద చెయ్యి పెట్టి. "చెప్తే, యాడ అన్యాడు అని అడుగుతావు. ఆ గుటక నీ దగ్గర్నుంచి లాగేసుకున్నట్టు అవుతాది. అందుకే ఆ మాట నా దగ్గరే పెట్టుకున్యా. ఈ బండి వచ్చినాక రోజూ ఆ దారిలో ఆయన పక్కన కూచోని వస్తాండా. నాకేమీ పట్టలేదే ప్రసన్నా. నేనే పట్టుకోని కూచున్యా."

ప్రసన్న ముక్కు చీదింది. బయట బీడీ పారేసి లోపలికొచ్చిన అజ్మతుల్లా జాకీ చేతిలో పట్టుకుని, ఎవరిని అడగాలో తెలియక ముగ్గురి మొహాలూ చూశాడు.

"పీకల్లనా, వద్దా?"

"గ్రీజు పెట్టి పంపియ్యన్నా" అంది ప్రసన్న. "చప్పుడు మాత్రం పోకూడదు."

*

ఆ సాయంత్రం అంగడి మూసే వేళకు తువ్వాలు లలితమ్మ పరవలేదు. ప్రసన్నే మధ్య సీటు తడిగుడ్డతో తుడిచి, మడత విప్పి పరిచింది. నిమ్మకాయల దండ విప్పి మురుక్కాలవలో పారేసింది. "నువ్వు యాడ కూచుంటావే?" అని మొగుడడిగితే, "వెనక డబ్బాల కాడ. ముందర చోటు యాడుండాది?" అని చీర దోపుకుని బండి ఎక్కేసింది. నవ్వుదామనుకున్నారు గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

గాలిమరల నీడలు రోడ్డు దాటి బీళ్ళల్లోకి పోయాయి. కాలువ బ్రిడ్జి కనబడింది. ఈసారి లలితమ్మ నిదానం అనలేదు. వేణుగోపాల్ తనే బండి ఆపి, ఇంజను కట్టేసి, దిగాడు.

"యాడికి?" అంది తల్లి.

"ఊరికే. అట్ల నడిచొస్తా."

బండికి ముందు, రోడ్డు నడిమధ్యన, బ్రిడ్జి మీదికి నడిచాడు. చెప్పుల కింద ఇసుక కరకరలాడింది. నిప్పు పెట్టాక వెనక్కి చూడొద్దని పురోహితుడు చెప్పినా ఆ రోజు శ్మశానంలో అతను చూశాడు. పెద్దవాళ్ళంతా కేకలేశారు. బైకు మీద ఎన్నిసార్లు చూశాడో లెక్కే లేదు. ఇప్పుడు బ్రిడ్జి మధ్యలో ఆగి, ముందున్న ఖాళీ రోడ్డునే చూస్తూ, వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాడు.

వెనక బండి "హూ" అంది. ముందు సీటులో ఎవరో చూడటానికి కాస్త ముందుకు వంగినట్టు మెల్లగా దిగి, మెల్లగా లేచింది. మేము కదల్లేదని అత్తా కోడళ్ళిద్దరూ తర్వాత ఒట్టేసి చెప్పారు.

వేణుగోపాల్ కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

"చూడనులే నాయనా" అన్నాడు. వెనక ఆ ఊగుడు నిలిచేదాకా అట్లాగే నిలబడ్డాడు.